స్టిల్‌వాటర్ వస్తాదు ఎడ్ గాలగర్

అమెరికా కళాశాలల కుస్తీలో అందరికంటే గొప్ప కోచ్ ఎవరన్న చర్చ వచ్చినప్పుడల్లా అయోవా రాష్ట్రపు అభిమానులు డాన్ గేబుల్ పేరు చెబుతారు. ఆయన గెలిపించిన 15 జాతీయ టైటిళ్లను తక్కువ చేయడం ఎవరి తరమూ కాదు గాని, గేబుల్ పగ్గాలు పట్టేనాటికే అయోవా జట్టు జాతీయ విజేత. ఎడ్వర్డ్ క్లార్క్ గాలగర్‌కు అటువంటి వారసత్వమేదీ దక్కలేదు. 1916లో ఓక్లహోమా ఎ అండ్ ఎం కళాశాలలో, అంటే నేటి ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయంలో, ఆయన కుస్తీ జట్టును చేపట్టేనాటికి ఆ జట్టు వయసు ఒకటి రెండేళ్లు, రాష్ట్రపు వయసు తొమ్మిదేళ్లు. తూర్పు తీరపు ధనిక విశ్వవిద్యాలయాలు 1905 నాటికే తమలో తాము సంఘం కట్టుకుని, కుస్తీ తమ సొత్తన్నట్టు వ్యవహరిస్తుండగా, స్టిల్‌వాటర్ అనే చిన్న ఊరి వ్యవసాయ కళాశాల వాటిని దాటిపోతుందని అప్పట్లో ఎవరూ ఊహించి ఉండరు.

గాలగర్ 1887లో కాన్సాస్‌లో పుట్టాడు, అదే ఎ అండ్ ఎం కళాశాలలో ఇంజనీరింగ్ చదివాడు, ఫుట్‌బాల్‌లోనూ పరుగు పందాలలోనూ పేరు తెచ్చుకున్నాడు. కుస్తీ పోటీలలో మాత్రం ఆయన ఎన్నడూ దిగలేదు. అయితే ఆ లోటే ఆయనకు బలమైంది. గురువు నుంచి శిష్యుడికి అలవాటుగా వచ్చిన పట్లను అలాగే అప్పగించే పని ఆయనకు లేకపోవడంతో, మానవ శరీరాన్ని ఎముకలు, కీళ్లు, బరువు, ఆధారాలు గల యంత్రంగా చూసి, ఏ చోట ఎంత బలం ఏ దిక్కుగా వేస్తే అది కూలుతుందో లెక్క కట్టాడు. ఆయన రూపొందించిన పట్లు 300కు పైమాటేనని చెబుతారు. ఆ సంఖ్యను ఎవరు ఎలా లెక్కపెట్టారన్న విచారణ కంటే, ఆ దృష్టి గోదాలో ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం మేలు.

ఇందుకు హాఫ్ నెల్సన్ అనే పట్టు మంచి ఉదాహరణ. బోర్లా ఉన్న ప్రత్యర్థి చంక కింద నుంచి చేయి దూర్చి, అరచేతిని అతని తల వెనుక వేసి, అతన్ని వెల్లకిలా తిప్పడం ఈ పట్టు సారాంశం. అనుభవం లేని కుర్రవాడు అరచేతిని మెడ మీద వేసి కండబలంతో పెనుగులాడుతుంటే, తెలిసినవాడు దానిని నడినెత్తి వైపు జరుపుతాడు. తులాదండం ఎంత పొడవైతే అంత తక్కువ బలంతో బరువు లేస్తుందన్న సూత్రమే ఇక్కడా పనిచేసి, తల వంగినకొద్దీ ప్రత్యర్థి భుజం తనంతట తానే పైకి లేస్తుంది.

అలాగే రైడింగ్ అనే విద్య అమెరికా కళాశాల కుస్తీకి ప్రాణం వంటిది. ప్రత్యర్థిని పడవేయడంతో పని ముగియదు. లేవనీయకుండా, తప్పించుకోనీయకుండా పైనుండి అదుపులో పెట్టుకోవాలి. గాలగర్ కాలంలో పాయింట్ల లెక్క లేదు కనుక, ఎవరూ చిత్తు కాకపోతే ఎవరు ఎక్కువసేపు పైన ఉన్నారన్న కాలవ్యవధి మీదనే గెలుపోటములు తేలేవి. రెండు చేతులు, రెండు మోకాళ్ల మీద ఆనుకున్న మనిషి నాలుగు కాళ్ల బల్ల వలె నిలకడగా ఉంటాడు. అందులో ఒక చీలమండను పట్టి ఎత్తి, అదే వైపు చేతిని లాగివేసి, ఆధారం పోయిన ఆ మూలకు బరువును నెట్టితే ఎంతటి బలశాలి అయినా ఒరిగిపోవలసిందే. ఈ పనిలో గాలగర్ శిష్యులది అందెవేసిన చేయి. ఆ సొగసును చూడగలిగిన కన్ను ఉన్నవారికి, నేలమీద కదలకుండా ఉన్నట్టు కనిపించే ఇద్దరు మల్లుల మధ్య ఎత్తుకు పైఎత్తు, దానికి మరో విరుగుడు ఎంత వేగంగా నడుస్తున్నాయో అర్థమవుతుంది.

ఫలితాల సంగతి లోకవిదితమే. గాలగర్ జట్లు రెండు కళాశాలల ముఖాముఖి పోటీలలో 138 గెలిచి, ఐదింట మాత్రమే ఓడి, నాలుగింట సమంగా నిలిచాయి. 1928లో ఏమ్స్ నగరంలో తొలి జాతీయ కళాశాల పోటీలు మొదలైనది మొదలు 1940 వరకు జరిగిన 13 పోటీలలో 11 జట్టు టైటిళ్లు ఆయన ఖాతాలోనివే; వాటిలో కొన్ని అనధికారికమని, ఒకటి పంచుకున్నదని గణాంకప్రియులు గుర్తుచేస్తుంటారు గాని, ఆ సవరణలతో ఆ కొండ ఎత్తేమీ తగ్గదు. కెనడా నుంచి వచ్చిన భారీకాయుడు ఎర్ల్ మెక్‌క్రీడీ ఆ తొలి పోటీల ఫైనల్‌ను 19 సెకన్లలో ముగించాడు. జాక్ వాన్‌బెబ్బర్ కళాశాల జీవితమంతా ఓటమి ఎరుగక, 1932 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. పోటీ వేదికకు వాహనం దొరకక కాలినడకన బయలుదేరాడని చెప్పుకునే కథ అతని గురించినదే. అదే ఒలింపిక్స్‌లో బాబీ పియర్స్, 1936 బెర్లిన్‌లో ఫ్రాంక్ లూయిస్ స్వర్ణాలు సాధించారు.

ఇంత చెప్పినా గాలగర్ అసలు నిర్మాణం పతకాలలో లేదు, శిష్యులలో ఉంది. క్లిఫ్ కీన్ 1925లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి 1970 వరకు అక్కడి జట్టును నడిపాడు. ఫెండ్లీ కాలిన్స్ మిషిగన్ స్టేట్‌లో మూడు దశాబ్దాలు కోచ్‌గా ఉన్నాడు. మూడుసార్లు జాతీయ విజేత అయిన రెక్స్ పియరీ పిట్స్‌బర్గ్‌లో కోచ్‌గా ఉంటూ, తన కుమారులు హ్యూ, ఎడ్ ఇద్దరినీ చెరి మూడుసార్లు విజేతలుగా తీర్చిదిద్దాడు. ఒకే ఇంట్లో తొమ్మిది జాతీయ టైటిళ్లు ఉండడం కంటే విద్య చేతులు మారడానికి సాక్ష్యం ఇంకేం కావాలి? గాలగర్ 1940 ఆగస్టులో మరణించాక స్టిల్‌వాటర్‌లో ఆయన స్థానంలోకి వచ్చిన ఆర్ట్ గ్రిఫిత్ మరో ఎనిమిది టైటిళ్లు గెలిపించడమే కాక, నేటి పాయింట్ల పద్ధతికి పునాది వేశాడు. 1938లో తెరిచిన క్రీడా భవనానికి గాలగర్ పేరు పెట్టిన కళాశాలే 1987లో ఆ పేరు పక్కన బాస్కెట్‌బాల్ కోచ్ హెన్రీ ఐబా పేరును చేర్చింది. ఐబా ఘనత కాదనలేనిదే అయినా, కుస్తీ అభిమానులకు ఆ జోడింపు ఇప్పటికీ గొంతు దిగదు.

అంతకంటే కష్టమైన విషయం కుస్తీ పేరుతో చెలామణి అవుతున్న వేషాలు. ముందే రాసుకున్న ఫలితం, అరుపులు, కుర్చీలతో కొట్టుకోవడం, మెరుపు దుస్తులు, ఇదంతా టెలివిజన్ ద్వారా ప్రపంచమంతా పాకి, తెలుగునాట కూడా కుస్తీ అంటే ఇదేననుకునే పిల్లల తరాలను తయారు చేసింది. మెక్‌క్రీడీ వంటి గాలగర్ శిష్యులు కూడా పొట్టకూటి కోసం ఆ వృత్తి రంగంలోకే వెళ్లారన్నది నిజమే. అసలు విద్య తెలిసినవాడికి జీతమివ్వని సమాజం, దాని అనుకరణకు టిక్కెట్టు కొన్నది. నిందించవలసింది ఎవరిని?

కళాశాలలు చేసిన ద్రోహం ఇంకా పెద్దది. గత యాభై ఏళ్లలో అమెరికాలో వందకు పైగా కళాశాలలు తమ పురుషుల కుస్తీ జట్లను రద్దు చేశాయి. స్త్రీలకు సమాన అవకాశాలు కల్పించాలన్న 1972 నాటి చట్టాన్ని ఇందుకు సాకుగా చూపడం అలవాటైంది గాని, ఫుట్‌బాల్ జట్ల మీద కోట్ల డాలర్లు కుమ్మరిస్తూ, పరుపు, గది, కోచ్ ఉంటే సరిపోయే కుస్తీకి డబ్బు లేదనడం లెక్క తెలియక చేసిన పని కాదు. 2013 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం కార్యవర్గం 2020 క్రీడల నుంచి కుస్తీని తప్పించాలని సిఫారసు చేయగా, ప్రపంచమంతటి మల్లులు గొంతెత్తిన తరువాత అదే ఏడాది సెప్టెంబరులో దానికి స్థానం తిరిగి దక్కింది. కళాశాలల్లో రద్దయిన జట్ల కోసం అంత గొంతు లేవలేదు.

ఇప్పుడు మహిళల కుస్తీ అమెరికా కళాశాలల్లో గాలగర్ 1916లో నిలిచిన చోటనే నిలిచి ఉంది. 2025 జనవరిలో జాతీయ కళాశాలల క్రీడా సంఘం దానికి పూర్తి స్థాయి జాతీయ పోటీల హోదా ఇచ్చింది. అనేక కళాశాలల్లో కోచ్‌లు ఏమీ లేని చోట మొదటి జట్టును కూర్చుకుంటున్నారు. వారికి నాలుగేళ్ల ఒప్పందమిచ్చి నాలుగో ఏట టైటిల్ ఏదని అడిగే క్రీడాధికారులు, తొలి జాతీయ టైటిల్ నాటికి గాలగర్ కోచ్‌గా పన్నెండేళ్లు గడిపి ఉన్నాడని ఒప్పంద పత్రం మీద సంతకం చేసే ముందే చదువుకోవాలి.