డిపో లెక్కల్లోని పనితనం

బస్సు వేళకు వస్తే ఎవరూ మెచ్చుకోరు, రాకపోతే మాత్రం డిపో మేనేజరును తిట్టిపోస్తారు. ఆయన పనితనం తెలియాలంటే ఆర్టీసీ డిపోలో డీజిల్ పట్టే చోట చూడాలి. తిరిగొచ్చిన బండికి ట్యాంకు నింపి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే కేఎంపీఎల్ తేలుతుంది. అది బండివారీగా, డ్రైవరువారీగా నమోదవుతుంది. అంకె పడిపోగానే మంచి మేనేజరు మెమో రాయడు, ముందు పోల్చి చూస్తాడు. అదే డ్రైవరు మరో బండి మీద మంచి కేఎంపీఎల్ తెస్తుంటే లోపం బండిదే కావచ్చు. బ్రేకులు పట్టేస్తున్నాయా, టైర్లలో గాలి తగ్గిందా, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందా అని గ్యారేజీ వాళ్లు చూస్తారు. అందరి చేతిలో బాగా నడిచే బండి ఒక్కరి దగ్గరే డీజిల్ తాగుతుంటే, క్లచ్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉందేమో పక్కన కూర్చుని గమనించి, మాన్పించాలి.

అంకెల నిఘా సిబ్బందిని నలిపేస్తుందన్న మాట కొట్టిపారేయదగ్గది కాదు. డీజిల్ ఒక్కటే కొలిస్తే డ్రైవరుకు స్టాపులో ఆపకుండా పోవాలనిపిస్తుంది. అందుకే కిలోమీటరుకు వచ్చిన రాబడి, సీట్లు నిండిన శాతం, దారిలో ఆగిపోయిన బళ్లు, ప్రయాణికుల ఫిర్యాదులు కూడా పక్కపక్కనే పెట్టి చూస్తారు. ఒక కొలత దాచిన తప్పును మరొకటి బయటపెడుతుంది. పైగా లెక్కే లేకపోతే నింద అనుమానాన్ని బట్టి పడుతుంది, అదీ ఎక్కువగా డ్రైవరు మీదే. సరిగా వాడిన కొలత మనిషిని వదిలి లోపాన్ని పట్టుకుంటుంది. బండి నడిరోడ్డు మీద ఆగకముందే దాన్ని బాగుచేయించే ఈ నేర్పుకు ప్రయాణికులంతా రుణపడి ఉన్నారు.