దారుపక్షులు: సాదృశ్యవిమర్శము

ద్రోణాచార్యుఁడు శిష్యుల గుఱిని బరీక్షింపఁగోరి, శిల్పులచేఁ జేయించిన కృత్రిమభాసమును చెట్టుకొన నుంచిన కథ భారతాదిపర్వమున సుప్రసిద్ధము. అది బాణమునకు గుఱి. గుఱికి ఆకారము చాలును. కాని కొయ్యపక్షిని జూచి నిజమైన పక్షియే భ్రమపడవలయునన్నచో శిల్పికిఁ గావలసిన దేమి? అమెరికాదేశపు జానపదశిల్ప మొకటి యీ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది.

దీమము నుంచి పక్షులను బట్టుట యనేకదేశముల వేఁటకాండ్రకుఁ దెలిసిన యుపాయమే. నెవాడా రాష్ట్రమందలి లవ్‌లాక్ గుహలో 1924లో తుంగతో నల్లిన దీమపుబాతులు దొరకినవి. వాని వయస్సు రెండువేల యేండ్లకు మించినదని పండితులు నిర్ణయించిరి. అనంతరకాలమున ఐరోపానుండి వచ్చి స్థిరపడినవారు ఆ యుపాయమునే కొయ్యతో సాధించిరి. మసాచుసెట్సు రాష్ట్రమున ఈస్టు హార్విచి గ్రామవాసి ఆంథొని ఎల్మర్ క్రోవెల్ (1862–1952) ఈ విద్యయందు మేటి. వేఁటకై దీమములు చెక్కి చేయి తిరిగిన యతఁడు క్రమముగా గృహాలంకారార్థము చిన్నచిన్న పాటపిట్టలను జెక్కసాగెను. 1918లో వలసపక్షుల రక్షణశాసనము పుట్టి, వానిని జంపి యమ్ముకొను వ్యాపారమును నిషేధించెను. దీమముల యక్కఱ తగ్గినది. అతని యులికి మాత్రము పని తగ్గలేదు. పక్షిని మోసగించుటకుఁ బుట్టిన విద్య మనుష్యుని రంజింపఁజేయు విద్యయయ్యెను.

ఈ మార్పునందే విమర్శకుఁడు పరిశీలింపవలసిన విషయము కలదు. కామసూత్రవ్యాఖ్యయగు జయమంగళయందు యశోధరుఁడు చిత్రమునకు రూపభేదములు, ప్రమాణములు, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అని యాఱంగములు చెప్పెను. సాదృశ్య మందొకటి మాత్రమే; భావము దానికిముందే పరిగణింపఁబడినది. ఆకాశమునఁ బోవు బాతునకు నీటిపైనున్న దీమముయొక్క యీఁకలు లెక్కకు రావు; మెడవంపు, దేహభారము, నిశ్చింతమైన నిలుకడ, ఇవియే కానవచ్చును. కావున దీమకారుఁడు మొదట నేర్చినది భావము. క్రోవెల్ పాటపిట్టను జెక్కునప్పుడును ఆ పాఠమును మఱువలేదు. అతఁడు దీమముల ఱొమ్మునను మెడవెనుకను ఆకురాతి గీఁతలతోనే యీఁకల మెత్తఁదనమును దోఁపించెను; రంగు తడియాఱకమునుపే మఱియొక రంగును గలిపి, రెంటి హద్దును మాపెను. ఇది వాచ్యముగాఁ జెప్పుట కాదు, వ్యంగ్యముగా సూచించుట.

వడ్రంగిపిట్ట యీ శిల్పమునకుఁ గఠినమైన పరీక్ష. తక్కినపిట్టలు కొమ్మపైఁ గూర్చుండును. ఇది మ్రానిని నిలువునఁ బట్టుకొనును. సాధారణముగా దీని కాలివ్రేళ్లు రెండు ముందునకు, రెండు వెనుకకు నుండును. బిరుసైన తోఁకయీఁకలు మ్రానికి ఊఁతయై మూఁడవకాలివలె నిలుచును. తోఁకపై దేహభారము పడనిచో, నడినెత్తి యెఱుపును రెక్కల తెలుపుచుక్కలును ఎంత సరిగాఁ దీర్చినను, అది మ్రానికంటించిన రంగుకొయ్యయేకాని వడ్రంగిపిట్ట కాఁజాలదు.

1971 మొదలుకొని మేరీలాండు రాష్ట్రపు ఓషన్‌సిటీ పట్టణమునఁ బక్షిశిల్పులకు ప్రపంచస్పర్ధలు నడచినవి. నేఁటి శిల్పులు పెక్కురు విద్యుత్తుచే వేఁడియైన సూదితో ఈఁకయందలి ప్రతినూఁగును వేఱువేఱుగాఁ గాల్చి తీర్చుదురు. వారి యోర్పు మెచ్చఁదగినదే. ఆ శలాకయందు దోషమును లేదు. కాని యీఁకల లెక్కయే శిల్పమునకుఁ బ్రమాణమైనప్పుడు, చూచువాఁడు పక్షిని మఱచి పనితనమునే చూచును. అట్టి ప్రతిమ యలంకారములు కిక్కిఱిసి రసము దప్పిన ప్రబంధమువంటిది.

వేఁటపనిముట్టుగాఁ బుట్టినదానిని కళయనవచ్చునా యని యాక్షేపింతురేని, ధరను బట్టి యుత్తరము చెప్పరాదు. 2007లో క్రోవెల్ దీమములు రెండు, ఒక్కొక్కటి 11 లక్షల డాలర్లకుఁ బైగా అమ్ముడుపోయినవి. ఆ ధర యపూర్వత్వమునకే కాని గుణమునకుఁ గొలఁత కాదు. బాతును నీటిపైకి దింపిన నిలుకడయే చూచువాని మనస్సునుగూడ నిలుపుట దాని కళాత్వమునకు నిదర్శనము. ప్రయోజనము నశించిన తరువాత మిగిలినది సౌందర్యమే.

వడ్రంగిపిట్టను అమరసింహుఁడు దార్వాఘాట మనెను. తెలుఁగువాఁ డింకొక యడుగు ముందునకు వేసి, పక్షికిఁ దన గ్రామవృత్తికారుని పేరే పెట్టెను. ఆ పేరు ఱెక్కల రంగునుగాని యీఁకల సంఖ్యనుగాని చెప్పదు. మ్రానియొద్ద నది చేయు పనిని మాత్రమే చెప్పును. దారుపక్షిని జెక్కువాఁడు నేర్వవలసిన సాదృశ్యలక్షణమంతయు ఆ యొక్కమాటలో నున్నది.