ముందుమాట: గ్రీకు అక్షరాలతో చనువు

చుట్టుపక్కల పల్లెల నుంచి బాన్సువాడకు ఇంటర్ చదవడానికి వచ్చే పిల్లల మీదికి థీటా, లామ్డా, రో, ఒమేగా అన్నీ ఒక్క ఏడాదిలోనే వచ్చి పడతాయి. వాటి పేర్లు విడిగా చెప్పేవాళ్లు, రాయడం నేర్పేవాళ్లు తక్కువ. సూత్రం పైకి చదవమంటే పిల్లవాడు ఆ గుర్తు దగ్గర ఆగిపోతాడు. ఫిజిక్స్ అంటే భయం అక్కడే మొదలవుతుందని పాఠం చెప్పినన్నాళ్లూ చూశాను. నా శిష్యుడు రాసిన ఈ చిన్న పుస్తకం సరిగ్గా అక్కడే చెయ్యి అందిస్తోంది.

రో మీద రాసిన అధ్యాయం నాకు అన్నిటికన్నా నచ్చింది. చదివేవాణ్ణి నేరుగా నిజాంసాగర్ కట్ట మీదికి తీసుకెళ్లాడు. నీటి సాంద్రత రో, గురుత్వ త్వరణం జి, లోతు హెచ్. ఈ మూడింటినీ గుణిస్తే ఆ లోతులో నీటి పీడనం వస్తుంది. 10 మీటర్ల లోతున అది సుమారు 98,000 పాస్కల్‌లు, అంటే మన మీదున్న గాలి పీడనానికి దాదాపు సమానం. కట్ట అడుగు ఎందుకంత వెడల్పో పిల్లవాడికి ఇక వేరే చెప్పనక్కరలేదు. అక్కణ్ణుంచి కాలువ వెంట వరి మడిలోని బోరు మోటరు దగ్గరికి దింపుతాడు. మోటరులో చుట్టిన రాగి తీగ విశిష్ట నిరోధానికీ రో అనే రాస్తాం. ఏ రో ఎక్కడ ఏ పనిలో ఉందో సూత్రంలో దాని పక్కనున్న గుర్తులే చెబుతాయని ఎంతో ఓపికగా చూపించాడు.

చేతిరాతకు చోటివ్వడం మరీ మంచి పని. పీడనానికి రాసే పి, సాంద్రతకు రాసే రో నల్లబల్ల మీద ఒకే సూత్రంలో పడితే వెనక బెంచీవాళ్లకు కవల పిల్లల్లాగే ఉంటాయి. పౌనఃపున్యానికి రాసే న్యూ, వేగానికి రాసే వి సంగతీ అంతే. ఎన్ని మార్కులు ఇక్కడే పోతాయో పేపర్లు దిద్దినవాళ్లకు తెలుసు.

చరిత్ర క్లుప్తంగానే ఉంది. వృత్తం పరిధికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తిని 1706లో ‘పై’ అనే అక్షరంతో రాసినవాడు విలియం జోన్స్. దాన్ని వాడుకలో స్థిరపరచినవాడు ఆయిలర్. సంకలనానికి సిగ్మా పెట్టిందీ ఆయిలరే, 1755లో. యురేనియం కిరణాల అసలు స్వభావం తేలకముందే, 1899లో, రూథర్‌ఫర్డ్ వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టేశాడు. మన దేశంలో బ్రహ్మగుప్తుడు 628 నాటికే తెలియని రాశులకు రంగుల పేర్లు వాడాడు. భాస్కరాచార్యుడు కాలకానికి (నలుపు) కా, నీలకానికి (నీలం) నీ అని పొడి అక్షరాలతో బీజగణితం నడిపాడు. అక్షరంతో లెక్క కట్టడం మన పిల్లలకు పరాయి విద్య కాదని ఈ పేజీలు చదివితే ధైర్యం కలుగుతుంది.

ఒక్క కోరిక ఉంది. సమూహ సిద్ధాంతంలో వాడే కై అక్షరం ఇందులో కనబడలేదు. ఆ సిద్ధాంతాన్ని భౌతికశాస్త్ర సమస్యలకు అన్వయిస్తూ సూరి భగవంతం, టి. వెంకటరాయుడు గార్లు రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో అచ్చువేసింది. భగవంతం గారు ఆ తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. మనవాళ్లు అంత పని చేసిన చోటు మన డిగ్రీ పిల్లలకు తెలియకుండా పోకూడదు. వచ్చే ముద్రణలో దానికి నాలుగు పేజీలైనా కేటాయించు నాయనా.

ఆశీస్సులతో,
బాన్సువాడ