వసుచరిత్రలో కనిపించని బూడిద

హిందూపురంలో వసుచరిత్ర పాఠం చెబుతుండగా, ధర్మవరం నేతపనివారి ఇంటినుంచి వచ్చిన విద్యార్థి ఒకడు లేచి అడిగాడు: "రాజధాని కాలిపోయిన కొద్ది యేళ్ళకే పుట్టిన కావ్యమంటున్నారు. ఇందులో ఆ బూడిద ఎక్కడుంది సార్?" అప్పటికి నేను సరైన జవాబు చెప్పలేకపోయాను.

1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధం జరిగింది. అళియ రామరాయలు హతుడైనాడు. విజయనగరం కొల్లగొట్టబడింది. తమ్ముడు తిరుమలరాయలు ధనరాశులతో పెనుకొండ చేరి, అక్కడినుంచి రాజ్యాన్ని మళ్ళీ నిలబెట్టడానికి పూనుకున్నాడు. క్షీణించిన కర్ణాట రాజ్యాన్ని ఉద్ధరించినవాడన్న బిరుదు వహించాడు. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చింది ఈ తిరుమలరాయలకే.

ప్రబంధమనగానే క్షీణ భూస్వామ్య సంస్కృతి అని తోసిపుచ్చడం మనలో కొందరికి అలవాటు. ఆ తీర్పుతో నేను ఏకీభవించను. ఓడిన రాజ్యంలో కోటగోడలకన్న ముందు చెదిరిపోయేవి విద్యలు. పండితులు, గాయకులు, శిల్పులు తలా ఒక దిక్కు పోతారు. అటువంటి సమయంలో తెలుగు పద్యానికి అంతటి నాదసౌష్ఠవం, శ్లేషచాతుర్యం సాధించడం సామాన్యం కాదు. పునర్నిర్మాణంలో అదీ ఒక భాగమే. లోపం మరొకచోట ఉన్నది.

కథనే చూడండి. కోలాహల పర్వతం శుక్తిమతీ నదికి అడ్డుపడుతుంది. వసురాజు ఆ కొండను కాలితో తన్ని తొలగిస్తాడు. నది సాగిపోతుంది. రాజు పాదం సోకితే చాలు, ఆటంకం తీరుతుంది. సింహాసనాన్ని తిరిగి నిలుపుకుంటున్న ప్రభువుకు ఇంతకన్న ప్రియమైన కథ దొరకదు!

కాని ఈ సీమలో నీరు అలా రాదు. చిత్రావతికి కట్టలు వేసి నిలిపితేనే బుక్కపట్నం, ధర్మవరం చెరువులు నిండాయి. ఆ కట్టలు ఎలా లేస్తాయో కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం చెబుతుంది. 1369 నాటి ఆ శాసనం రాజకుమారుడు భాస్కరుని పొగడుతుంది. అయినా రోజుకు వెయ్యిమంది కూలీలు రెండేళ్ళపాటు పనిచేశారని, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు పట్టాయని కూడా లెక్క రాసింది. అదీ ఆస్థాన రచనే, అదీ సంస్కృత పాండిత్యమే. కనుక ఆస్థానకవికి శ్రామికుడు కనిపించడం అసాధ్యమని మనం సాకు చెప్పలేము. రాతికి ఎక్కిన లెక్క ప్రబంధానికి ఎక్కలేదు.

తిరుమలరాయల ఉద్ధరణ ఎంతకాలం నిలిచింది? ఆయన కుమారుడు శ్రీరంగరాయల కాలంలోనే బిజాపూరు సైన్యం పెనుకొండను ముట్టడించింది. ఆ తర్వాత రాజధాని చంద్రగిరికి తరలింది. చెరువులు మాత్రం తరలిపోలేదు. వాటి పూడిక తీసి, గండి పడితే పూడ్చి, కింద మడి దున్నినవారే దేశాన్ని నిజంగా తిరిగి కట్టినవారు.

2019లో పెనుకొండ సమీపంలో కార్ల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. అభివృద్ధిని గురించి నేడూ కావ్యాలవంటి ప్రసంగాలు వింటున్నాము. వాటిలో కొండను తన్నిన పాదమే ఉన్నదా, వెయ్యిమంది లెక్క కూడా ఉన్నదా అని అడగడం మన విమర్శకు మొదటి పని కావాలి. ఆ విద్యార్థి అడిగింది సరిగ్గా అదే. వసుచరిత్రను నేను ఇకముందు కూడా పాఠం చెబుతాను, కాని పక్కన పోరుమామిళ్ళ శాసనాన్ని పెట్టుకుని.