ఎప్పుడు ఆగుతోంది?

హోం థియేటర్ రిసీవర్ సినిమా మధ్యలో టిక్కుమని ఆగిపోతే ఇంట్లో అందరి చెయ్యీ రిమోట్ మీదకే పోతుంది. నొక్కుతారు, వస్తుంది, మళ్లీ ఆగుతుంది. మళ్లీ నొక్కుతారు. నేను మాత్రం ముందు ప్లగ్గు పీకెయ్యమంటాను. పీకాక ఒకటే అడుగుతాను: ఎప్పుడు ఆగుతోంది? పెదవేగి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిలిచినా, ఏలూరు నుంచి చుట్టాలు ఫోన్ చేసినా నా రిపేరు ఈ ప్రశ్నతోనే మొదలు. స్క్రూడ్రైవరు చాలా తర్వాతి సంగతి.

ఆ టిక్కుమనే చప్పుడు రిలేది. ఆంప్లిఫయరుకీ స్పీకర్లకీ మధ్య ఉండే ఆ చిన్న స్విచ్చి ప్రొటెక్షన్ సర్క్యూట్ చెప్పినట్టు వింటుంది. స్పీకర్ల వైపు డీసీ వెళ్తున్నా, కరెంటు మితిమీరినా, హీట్‌సింక్ కాగిపోయినా, లోపలి పవర్ సప్లై వోల్టేజీ లెక్క తప్పినా ఆ సర్క్యూట్ రిలేని వదిలేసి సెట్టును ఆపేస్తుంది. కాబట్టి ఆగిపోవడం అసలు జబ్బు కాదు. జబ్బు ఇంకెక్కడో ఉంది, సెట్టు దాన్ని కనిపెట్టింది. అది ఏ వేళలో ఆగుతోందో తెలిస్తే మనమూ కనిపెట్టగలం.

ఆ మధ్య మా మండలంలోనే ఒకాయన ఫోన్ చేశారు.

“పాటలకేం అవదండీ. బాహుబలి పెట్టామనుకోండి, యుద్ధం దగ్గర ఠక్కున ఆగిపోతందండి.”

“స్పీకర్లు ఎన్ని తగిలించారండీ?”

“హాల్లో రెండు, డాబా మీద రెండునండి. అన్నీ ముందు స్పీకర్ల పిన్నుల్లోకే ఇచ్చేశాం.”

జవాబు అందులోనే ఉంది. 8 ఓంల స్పీకర్లు రెండు ఒకే పిన్నుకి పక్కపక్కన కలిపితే ఆంప్లిఫయరుకి 4 ఓంలుగా కనబడతాయి. అదే వాల్యూముకి కరెంటు రెట్టింపు లాగుతాయి. మామూలు పాటకి తట్టుకుంటుంది. ఏనుగులూ రథాలూ కదిలి బాస్ దెబ్బ పడగానే హద్దు దాటి ఆగుతుంది. డాబా మీద స్పీకర్లు విప్పించాను. ఆ యుద్ధం చివరిదాకా నడిచింది.

స్పీకరు వైరు విషయంలో మనవాళ్లకి ఉన్న అశ్రద్ధ నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. వేలు ఖర్చుపెట్టి సెట్టు కొంటారు, వైరు చివర మాత్రం పళ్లతో కొరికి దూరుస్తారు. వెంట్రుకంత రాగి పోగు ఒకటి బయటికి వచ్చి పక్క పిన్నుకి తగిలితే చాలు, షార్టే. కొల్లేరు వైపు, కైకలూరు, మండవల్లి దగ్గర చేపల చెరువుల మధ్య ఇళ్లలో దీనికి చెమ్మ కూడా తోడవుతుంది. అక్కడ రాగికి చిలుము పట్టి వైరు చివర పచ్చబడి ఉంటుంది. ఆ ముక్క కత్తిరించి, కొత్తగా ఒలిచి, పోగులన్నీ గట్టిగా మెలిపెట్టి దూర్చాలి. తర్వాత స్పీకర్లన్నీ తీసేసి ఖాళీ రిసీవరు ఆన్ చేసి చూడాలి. ఆగకుండా నిలిస్తే తప్పు బయట ఉంది. అప్పుడు పవర్ ఆపి ఒక్కో స్పీకరూ తగిలిస్తూ పోతే దొంగ దొరుకుతాడు. మల్టీమీటరుతో చూస్తే మంచి 8 ఓంల స్పీకరు సుమారు 6 ఓంలు చూపిస్తుంది. ఒకటో సున్నానో చూపిస్తే దాన్ని పక్కన పెట్టెయ్యాలి.

అరగంటో గంటో ఆడి ఆగేది వేడి. లేసు అల్లిన గుడ్డ కప్పి, దాని మీద సెట్‌టాప్ బాక్సు పెట్టి, పక్కన పూలకుండీ ఉంచిన రిసీవర్లు ఎన్నో చూశాను. ఆ పైకప్పు మీద చిల్లులు వేడి పోవడానికి పెట్టినవి. ఆంప్లిఫయరు తీసుకున్న కరెంటులో చాలా భాగం వేడిగానే బయటికి వదులుతుంది. మే నెలలో మన గదిలో గాలే కాగుతుంటే అది ఎక్కడికి పోతుంది? గుడ్డ తీసి, పైన జానెడు ఖాళీ ఇచ్చి, మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలావరకు తగ్గుతుంది. డెనాన్ రిసీవర్లలో పవర్ లైటు తేడా కూడా చెబుతుంది. ఎర్రగా రెండు సెకన్లకోసారి వెలిగి ఆరితే వేడి, అర సెకనుకోసారి అయితే స్పీకరు వైరు షార్టో, లోపల ఆంప్లిఫయరు చెడిందో. మీ సెట్టు పుస్తకంలో ఇలాంటి గుర్తులు ఉంటాయి, ఒకసారి తిరగెయ్యండి. గడియారం చూసినట్టు ఒకే వ్యవధికి, బొమ్మా పాటా లేనప్పుడే ఆగుతుంటే అసలు జబ్బే లేదు, మెనూలో ఆటో స్టాండ్‌బై ఆన్‌లో ఉంది.

ఇక కరెంటు. పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ 1995లో మొదలైంది, మా చుట్టూ ఇప్పుడంతా ఆ తోటలే. ఎండాకాలంలో చెట్టుకి రోజుకి దాదాపు 200 లీటర్ల నీళ్లు కావాలి, అంటే బోరు మోటార్లు ఆడాల్సిందే. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుకి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. తోటలోనే ఇల్లు కట్టుకున్నవాళ్ల లైట్లు ఆ క్షణాన ఒక్కసారి దిగి లేస్తాయి. ఇంటికి రావాల్సింది 230 వోల్టులు, ఆరు శాతం అటూ ఇటూ, అంటే 216 నుంచి 244. అంతకన్నా బాగా దిగినప్పుడు రిసీవర్లో రిలేలు పట్టు వదులుతాయి. మోటారు వేసినప్పుడే ఆగుతోందా అని చూసుకోండి. అవునంటే సెట్టు మంచిదే, స్టెబిలైజరు కావాలి.

అమెరికాలో పిల్లలు ఉన్న ఇళ్లది వేరే కథ. అక్కడి రిసీవరు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చేసింది. ఇక్కడ స్టెప్‌డౌన్ కన్వర్టరు పెట్టి ఆడిస్తారు. కన్వర్టరు 300 వాట్లది, రిసీవరు గట్టిగా ఆడితే అంతకు మించి లాగుతుంది, బాస్ దగ్గర వోల్టేజీ కుంగి ఆగుతుంది. కన్వర్టరు వోల్టేజీని మారుస్తుంది కానీ మన 50 హెర్ట్జ్‌ని మార్చలేదు. అదే వోల్టేజీకి 50 హెర్ట్జ్ దగ్గర ట్రాన్స్‌ఫార్మరు కోరు మీద భారం పెరిగి ఎక్కువ వేడెక్కుతుంది. ఇంత దూరం మోసుకొచ్చే బదులు ఇక్కడి 230 వోల్టుల సెట్టు కొనుక్కోవడమే మేలు.

ఇవన్నీ చూశాక, స్పీకర్లు లేకుండా కూడా ఆన్ చేసిన రెండు మూడు సెకన్లలోనే ఆగిపోతుంటే లోపల చూడాలి. అది చేయి తిరిగినవాళ్ల పని. ప్లగ్గు తీశాక కూడా పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, మీటరుతో చూసుకోకుండా వేలు పెట్టకూడదు. ఒక్కోసారి బల్లి దూరి పవర్ బోర్డు మీద చచ్చి ఉంటుంది. ఒక్కోసారి రెగ్యులేటరు కాళ్ల దగ్గర డ్రై సోల్డరు. ఎక్కువగా మాత్రం అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు షార్టయి ఉంటుంది. నాకిష్టమైన పనిముట్టు సీరీస్ బల్బు. 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు గుండా సెట్టుకి కరెంటు ఇస్తే, ఒక్కసారి వెలిగి మసకబారితే పర్వాలేదు, భగ్గున అలాగే వెలుగుతుంటే షార్టు. సెట్టు కాలకుండా తప్పు కనబడుతుంది.

కొన్ని చోట్ల వేరే పద్ధతి ఉంది. ప్రొటెక్షన్ లైను కోసేసి, రిలేకి అడ్డంగా తీగ వేసి, పాట వినిపించి డబ్బు తీసుకుంటారు. ఫ్యూజు పోయిందని క్యారియరులో లావుపాటి రాగి తీగ చుట్టడం లాంటిదే ఇది. షార్టయిన ట్రాన్సిస్టరు నుంచి 45 వోల్టుల డీసీ నేరుగా స్పీకరులోకి వెళ్తే 6 ఓంల కాయిల్లో 7.5 ఆంపియర్లు పారుతుంది, 300 వాట్లకు పైగా వేడి. నిమిషం పట్టదు, పొగ వస్తుంది. పక్కన కర్టెను ఉంటే ఇల్లు కూడా.

అందుకే అడుగుతున్నాను. రిసీవరు షాపుకి ఇచ్చేటప్పుడు అది ఎప్పుడెప్పుడు ఆగిందో, అప్పుడు ఏం ఆడుతోందో, ఎంతసేపు ఆడిందో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ప్రొటెక్షన్ తీసేస్తామంటే సెట్టు వెనక్కి తెచ్చేసుకోండి.