నీళ్లలో ద్వారం, చెక్కలో నీళ్లు

హిరోషిమా దగ్గరి మియజిమా దీవిలో ఇత్సుకుషిమా ఆలయం పోటు వేళ నీళ్ల మీద తేలుతున్నట్టే ఉంటుంది. ముందున్న ఎర్రటి తోరీ ద్వారం 16 మీటర్ల పైచిలుకు ఎత్తు. ఇప్పుడున్నది 1875లో నిలబెట్టింది. ప్రధాన స్తంభాలు కర్పూర చెట్టు మానులు. ద్వారాన్ని నేలలో పాతలేదు, సొంత బరువుతోనే నిలిచింది.

చెక్క అచ్చు చిత్రాల్లో ఈ చోటును చిత్రకారుడు హిరోషిగె బొమ్మకట్టాడు, మరో చిత్రకారుడు కవసె హసుయి మంచులో చూపించాడు. పేరు వాళ్లది. నా దండం మాత్రం ముందు చెక్కేవాడికి, ఆ తర్వాత అచ్చు వేసేవాడికి. చెర్రీ పలక మీద బొమ్మను బోర్లా అంటించి, గీతను వదిలేసి చుట్టూ ఉన్న చెక్కంతా తీసేస్తాడు మొదటివాడు. రంగు రంగుకీ వేరే పలక. వెంట్రుకవాసి జరిగినా స్తంభం ఒకచోట, దాని ఎరుపు ఇంకోచోట! అందుకే పలక మూలన కాగితం అంచు ఆనడానికి కెంతో అనే చిన్న గుర్తు చెక్కుతారు.

రెండోవాడు తడి పలక మీద రంగును కుంచెతో ఒకవైపుకి పలచబరిచి, కాగితం పరిచి, దాని వీపును వెదురు పొర చుట్టిన బారెన్ అనే పనిముట్టుతో రుద్దుతాడు. ఇటు చిక్కగా, దూరాన లేతగా కనిపించే సముద్రపు నీలం ఆ చేతి పనితనమే. మరి మంచు? అక్కడ చాలాచోట్ల రంగే లేదు. ఉన్నది ఉత్త కాగితం.