దామెర్ల వెలుగు: నీడ నుంచి రేఖ దాకా

మాఘమాసపు పొద్దున రాజమహేంద్రి రేవులో నిలబడితే అవతలి గట్టు ఉందా లేదా అన్నట్టుంటుంది. మంచు విడిచాక అదే నీరు కళ్ళు చెదిరేలా మెరుస్తుంది. ఈ రెంటినీ కాగితం మీదికి దించాలంటే రంగు వేయడం కంటే ఎక్కడ వేయకూడదో తెలియాలి. దామెర్ల రామారావుకు అది తెలుసు.

1897లో రాజమహేంద్రవరంలో పుట్టిన ఈ కుర్రవాడి చేతిని గుర్తించినవాడు ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన ప్రోత్సాహంతోనే 1916లో బొంబాయి జె.జె. స్కూల్‌కు వెళ్ళాడు. అక్కడి చదువు పాశ్చాత్య పద్ధతిది. వెలుగు ఒక పక్క నుంచి పడాలి, రెండో పక్క నీడ పరుచుకోవాలి, ఆ రెంటి మధ్య ఒడలు గుండ్రంగా తేలాలి. రామారావు ఆ విద్యను క్షుణ్ణంగా పట్టాడు.

తూర్పు కనుమల నడుమ గోదావరిని చిత్రించిన చేతికి ఆ చదువు అక్కరకొచ్చింది. నీటిరంగుల్లో తెల్లరంగు పని తక్కువ; వదిలేసిన కాగితమే వెలుగు. దగ్గరి కొండ ముదురు, దాని వెనకది లేత, ఆ వెనకది ఆకాశంలో కలిసేంత పలచన. పూత ఆరకముందు మరొకటి తగిలితే బురద, ఆరాక తగిలితే గీత. దిద్దుకోవడానికి వీలివ్వని పని అది.

పౌరాణిక, శృంగార చిత్రాలకు వచ్చేసరికి ఆయన దారి మారింది. 'ఋష్యశృంగ బంధనం', 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకారం' వంటి వాటిలో వెలుగు ఎటునుంచి వస్తోందని వెతికితే దొరకదు. అది రంగులోనే ఉంటుంది. నీడ చేయాల్సిన పనిని రేఖ చేస్తుంది: భుజం దగ్గర మొదలైన గీత నడుము దాకా తెగకుండా జారి, ఒడలికి బరువునూ కదలికనూ ఇస్తుంది. అజంతా గోడల మీది పాఠమిది. ఇక్కడ చెట్టూ కొమ్మా దూరదృశ్యం కావు. మనుషుల ఒంపుకు తాళం వేస్తాయి.

ఆ రోజుల్లో బెంగాల్ చిత్రకారులు తడి పూతలతో బొమ్మంతా పొగమంచులా ముసురు పట్టించేవారు. రామారావు ఆ మసకను అరువు తెచ్చుకోలేదు. శరీర నిర్మాణం బొంబాయిలో నేర్చినదే, రేఖ మాత్రం ఈ దేశపుది. ఒకటి పట్టి రెండోది వదిలేయకుండా దేనికి ఏది తగునో ఎంచుకోవడమే ఆయన పనితనం. ఏటికి ఎండ, ఒడలికి రేఖ.

రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, వరదా వెంకటరత్నం వంటి మిత్రులతో ఈ బాటను పదిమందికి చూపబోయాడు. 1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ను పొట్టన పెట్టుకుంది. ఇంకో నెల ఆగితే 28 నిండేవి. బొంబాయి వెళ్ళిన నాటి నుంచి లెక్కవేసినా ఈ ప్రయాణమంతా తొమ్మిదేళ్ళలోపే.

రాజమహేంద్రవరంలోని దామెర్ల ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళినవారు పెద్ద బొమ్మల ముందే ఆగిపోతారు. పెన్సిల్ చిత్రాల దగ్గర కూడా కాసేపు నిలబడండి. రంగు లేకుండానే వెలుగెలా వస్తుందో అక్కడ కనిపిస్తుంది.